చెర్రీ రొయ్యలు, చిన్న చేపలు, నీటి మొక్కలు: మన నీళ్లతో, మన ఎండల్లో రెండడుగుల ట్యాంకు నిలబెట్టడం ఎలా

మొక్కలు, చేపలు, రొయ్యలు మూడూ ఒకే ట్యాంకులో పెరగాలంటే లెక్క రొయ్యతో మొదలుపెట్టాలి. నీటిలో వచ్చే చిన్న మార్పును చేప ఓర్చుకుంటుంది, రొయ్య ఓర్చుకోదు. రొయ్యకు సరిపడే నీళ్లలో మాత్రం చిన్న చేపలు హాయిగా బతుకుతాయి, మొక్కల సంగతి చెప్పనక్కర్లేదు. చాలామంది తిరగేసి చేస్తారు. ముందు చేపలు కొంటారు, తర్వాత మొక్కలు గుచ్చుతారు, ఆఖరికి ముచ్చటగా ఉన్నాయని పది రొయ్యలు తెచ్చి వదులుతారు. వారం తిరిగేసరికి ఒక్కటీ కనిపించదు.

ఇక్కడ రొయ్య అంటే భీమవరం చెరువుల్లో పెంచే వనామీ కాదు. షాపుల్లో చెర్రీ శ్రింప్ పేరుతో అమ్మే నియోకారిడినా. చైనా, తైవాన్ వాగుల జాతి. పుట్టుక నుంచి చావు దాకా మంచినీటిలోనే ఉంటుంది, అంగుళం, అంగుళంపావు మించి పెరగదు. అయినా చెరువు రైతు దేనికి భయపడతాడో మీరూ దానికే భయపడాలి: తెల్లవారుజామున తగ్గే ఆక్సిజన్, నీటిలో పేరుకునే అమ్మోనియా, పెంకు విడిచే వేళ ఖనిజాల కొరత.

ఒక మాట ముందే. ఏప్రిల్, మే నెలల్లో మొదలుపెట్టకండి. వానలు పడి గది చల్లబడ్డాక, ఆగస్టు నుంచి నవంబరు లోపు మొదలుపెడితే ఎండాకాలం వచ్చేసరికి ట్యాంకు ముదిరి ఉంటుంది.

ట్యాంకు, సామాన్లు

24 అంగుళాల పొడవు, 12 వెడల్పు, 15 ఎత్తు ఉన్న ట్యాంకు తీసుకోండి. గాజు మందం 6 మిల్లీమీటర్లు చాలు. లెక్క ప్రకారం ఇది 70 లీటర్ల ట్యాంకు. అడుగున రెండంగుళాల ఇసుక, పైన అంగుళం ఖాళీ, మధ్యలో రాళ్లు, దుంగ పోగా నీళ్లు పట్టేది 50 లీటర్లే. ఎరువైనా మందైనా ఆ 50కే లెక్క వేయాలి. ఇంతకంటే చిన్న ట్యాంకు తేలిక అనిపిస్తుంది కానీ నిజానికి కష్టం. 15 లీటర్ల నీళ్లు మధ్యాహ్నానికి వేడెక్కి, ఫ్యాను కింద రాత్రికి చల్లారిపోతాయి.

అన్నీ నింపాక బరువు 80 కిలోలు దాటుతుంది. టీపాయ్ మీద, పుస్తకాల అర మీద పెట్టకండి. గట్టి ఇనుప స్టాండు లేదా గ్రానైట్ గట్టు కావాలి. ట్యాంకు కింద అర అంగుళం థర్మోకోల్ షీటు వేయండి. బల్ల మీద చిన్న ఇసుకరేణువు ఉన్నా అడుగు గాజు అక్కడే చిట్లుతుంది. కిటికీ ఎండ తగలని గోడ చూసుకోండి.

ఫిల్టరు విషయంలో ఖరీదైనదాని కోసం వెతకొద్దు. ఎయిర్ పంపుతో నడిచే జంట స్పాంజ్ ఫిల్టరే రొయ్యల ట్యాంకుకు అన్నిటికంటే మంచిది. పిల్ల రొయ్యలను లోపలికి లాగదు, స్పాంజి మీద పట్టే జిగురుపొరను రొయ్యలు మేస్తాయి. కరెంటు పోయినప్పుడు స్పాంజి తెరిచిన నీటిలోనే ఉంటుంది కాబట్టి దానిలోని బాక్టీరియా త్వరగా చావదు. అంచుకు తగిలించే ఫిల్టరు ఇప్పటికే ఉంటే, నీళ్లు పీల్చే గొట్టానికి సన్నరంధ్రాల స్పాంజి తొడగండి.

లైటు 15 నుంచి 20 వాట్ల ఎల్ఈడీ, 6500 కెల్విన్ తెలుపు. దానికొక టైమరు. లైటు రోజూ ఒకే వేళకు వెలిగి ఆరడం నాచును అదుపులో పెట్టే పనుల్లో మొదటిది, చేత్తో వేసి ఆర్పే అలవాటుతో అది కుదరదు. ఇవికాక థర్మామీటరు, నీటిలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు, అమ్మోనియా, నైట్రైట్, నైట్రేట్, జీహెచ్, కేహెచ్ చూసే చుక్కల కిట్లు కావాలి. కిట్ల దగ్గర డబ్బు మిగుల్చుకోవద్దు. కార్బన్ డయాక్సైడ్ సిలిండరు మాత్రం ఈ ట్యాంకుకు అక్కర్లేదు.

నీళ్లు

అసలు పని ఇదే. మన ఊళ్లలో ట్యాంకుకు వచ్చే నీళ్లు మూడు రకాలు: బోరు, మున్సిపల్ కుళాయి, ఇంట్లో ఆర్వో. మూడూ విడివిడిగా పట్టి టీడీఎస్ చూసి రాసుకోండి. చెర్రీ రొయ్యకు 180 నుంచి 300 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు) వరకు బాగుంటుంది, 250 దగ్గర స్థిరంగా నిలిపితే చాలు. ఆ 250లో ఏముందన్నదీ ముఖ్యమే. జీహెచ్ అంటే కాల్షియం, మెగ్నీషియం. ఇది 6 నుంచి 10 మధ్య ఉండాలి. కేహెచ్ అంటే కార్బొనేట్లు. ఇది 2 నుంచి 6 మధ్య ఉంటే పీహెచ్ ఊగిసలాడదు.

బోరు నీళ్లు 800 ఉండి, ఆర్వో నీళ్లు 40 ఉన్నాయనుకుందాం. కావలసింది 250. 250లోంచి 40 తీస్తే 210. 800లోంచి 40 తీస్తే 760. 210ని 760తో భాగిస్తే 0.28 వస్తుంది. అంటే పది లీటర్ల మిశ్రమానికి 2.8 లీటర్ల బోరు నీళ్లు, 7.2 లీటర్ల ఆర్వో నీళ్లు. మీ మీటరు చూపిన అంకెలు పెట్టుకుని ఇదే లెక్క వేయండి, కలిపాక మళ్లీ కొలవండి, జీహెచ్ చూడండి. ఉత్త ఆర్వో నీళ్లు పోస్తే పెంకు కట్టుకోవడానికి కాల్షియం ఉండదు, రొయ్యలు పెంకు విడిచే దగ్గరే చనిపోతాయి.

అపార్ట్‌మెంట్లలో ఒక మోసం దాగి ఉంటుంది. చాలాచోట్ల బోరు నీటిని సాఫ్ట్‌నర్ గుండా పంపుతారు. సాఫ్ట్‌నర్ కాల్షియం, మెగ్నీషియంలను తీసేసి వాటి బదులు సోడియం ఇస్తుంది. టీడీఎస్ దాదాపు అంతే చూపిస్తుంది, జీహెచ్ మాత్రం సున్నాకు దగ్గరగా ఉంటుంది. మీటరు బాగానే ఉందన్న ధైర్యంతో ఆ నీళ్లు కలిపితే రొయ్యలు నిలవవు. సాఫ్ట్‌నర్‌కు ముందున్న లైన్ నుంచి నీళ్లు పట్టుకోండి. ఆర్వో మిషను వెనక గొట్టం నుంచి బయటికి పోయే నీళ్లూ పనికిరావు, వాటిలో లవణాలు ఇంకా చిక్కగా ఉంటాయి.

మున్సిపల్ నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. వెడల్పాటి టబ్బులో పట్టి ఎయిర్ స్టోన్ (గాలి బుడగలు వదిలే రాయి) వేసి 24 గంటలు ఉంచితే పోతుంది. క్లోరిన్‌కు అమ్మోనియా కలిపి తయారుచేసే క్లోరమైన్ అలా పోదు. అందుకే యాంటీ క్లోరిన్ మందు సీసా మీద రాసిన మోతాదులో వేసి వాడటమే క్షేమం. సరఫరావాళ్లు లైన్లు కడిగాక, వరదల తర్వాత, క్లోరిన్ ఎక్కువ వేస్తారు. కుళాయి తిప్పగానే ఘాటు వాసన వస్తే ఆ రోజు నీళ్లు మార్చకండి.

ట్యాంకుకు వాడే బకెట్టు, మగ్గు, గొట్టం వేరుగా ఉంచండి. సబ్బు తగిలిన బకెట్టు మళ్లీ ఎంత కడిగినా ఈ పనికి వద్దు.

ఇసుక, రాళ్లు, మొక్కలు

మొదటి ట్యాంకుకు మట్టి వేయవద్దనే మా సలహా. ఎర్రమట్టి మీద ఇసుక కప్పితే మొక్కలు బ్రహ్మాండంగా పెరుగుతాయి, నిజమే. కానీ మొక్క పీకిన ప్రతిసారీ మట్టి లేస్తుంది, మొదటి వారాల్లో అమ్మోనియా ఊరుతుంది. పొలం మట్టైతే అందులో ఏ పురుగుమందు మిగిలి ఉందో తెలియదు, రొయ్య కూడా పురుగు జాతికి దగ్గరిదే. ఒకటి రెండు మిల్లీమీటర్ల రేణువులున్న ఇసుక 12 నుంచి 15 కిలోలు తీసుకుని నీళ్లు తేటగా వచ్చేదాకా కడగండి. నది ఇసుకైతే నత్తగుల్లల ముక్కలు ఉంటాయి. గుప్పెడు తీసి వెనిగర్ పోయండి. నురగ పొంగితే సున్నం ఉన్నట్టు, అది నీటి గట్టిదనాన్ని పెంచుతూ పోతుంది. రాళ్లకూ ఇదే పరీక్ష.

దుంగ కొత్తదైతే వారం పది రోజులు నానబెట్టి, రోజూ నీళ్లు మార్చండి. దాని మీద మొదట్లో తెల్లటి జిగురు పడుతుంది. కంగారు వద్దు, తర్వాత రొయ్యలే తినేస్తాయి.

మొక్కల ఎంపికలో అత్యాశకు పోకండి. అనూబియస్, జావా ఫెర్న్, క్రిప్టోకోరైన్, వల్లిస్నేరియా, జావా మాస్, హార్న్‌వర్ట్. ఈ ఆరూ తక్కువ లైటులో, వేడి నీటిలో, కాస్త గట్టి నీటిలో కూడా నిలబడతాయి. ఎర్రటి ఆకులున్నవి చూసి ముచ్చటపడి తెస్తే సిలిండరు లేకుండా నెలకే బోసిపోతాయి.

అనూబియస్, జావా ఫెర్న్‌లకు అల్లంకొమ్ములా అడ్డంగా పాకే కాండం ఉంటుంది. దాన్ని ఇసుకలో పూడ్చితే కుళ్లుతుంది. దారంతో దుంగకు కట్టండి, లేదా ఫెవిక్విక్ లాంటి జిగురు చుక్క పెట్టి అతికించండి. ఆరాక ప్రమాదం లేదు. క్రిప్టోకోరైన్ నాటిన రెండు వారాల్లో ఆకులన్నీ కరిగిపోవచ్చు. చచ్చిందని పీకేయకండి. కరిగిన ఆకులు మాత్రం తీసేయండి, వేరు బతికే ఉంటుంది, కొత్త నీటికి తగ్గ ఆకులు వేస్తుంది. వల్లిస్నేరియా నాటేటప్పుడు వేరు పైన ఉండే తెల్లటి మెడ ఇసుకపైన కనిపించాలి. క్రిప్టో, వల్లిస్నేరియా పక్కన రూట్ టాబ్లెట్ (వేరుకు పెట్టే ఎరువు బిళ్ల) ఒక్కొక్కటి పట్టకారుతో ఇసుక అడుగుదాకా దించండి. పైపైన గుచ్చితే నీటిలోకి తేలుతుంది.

హార్న్‌వర్ట్ మొదటి రెండు నెలలు తప్పకుండా ఉంచండి. వేగంగా పెరిగి అమ్మోనియాను లాగేస్తుంది, నాచుకు తిండి మిగలనివ్వదు. చెరువులోంచి తెచ్చిన మొక్కలు మాత్రం నేరుగా వేయొద్దు. వాటితో తూనీగ పిల్లలు, జలగలు, హైడ్రా (పిల్ల రొయ్యలను పట్టే బుల్లి జీవి) వస్తాయి. తూనీగ పిల్ల ఒక్కటి చాలు, పిల్ల రొయ్యలన్నిటినీ తినేస్తుంది. షాపు మొక్కల మీద పురుగుమందు ఉండొచ్చు. ఏ మొక్కైనా పది రోజులు వేరే బకెట్టులో ఉంచి, రోజు మార్చి రోజు నీళ్లు పారబోసి, తర్వాతే ట్యాంకులోకి దించండి.

ట్యాంకును మాగనివ్వడం

చేప, రొయ్య వదిలే వ్యర్థం అమ్మోనియా అవుతుంది. ఒక రకం బాక్టీరియా దాన్ని నైట్రైటుగా, మరో రకం నైట్రేటుగా మారుస్తుంది. మొదటి రెండూ విషాలు, మూడోది మొక్కకు ఎరువు. ఆ బాక్టీరియా స్పాంజిలో, ఇసుకలో స్థిరపడటానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. వేడి నీటిలో, పీహెచ్ ఎక్కువున్న నీటిలో అమ్మోనియా విషం ఇంకా కాటేస్తుంది. 30 డిగ్రీల దగ్గర, పీహెచ్ 7లో మొత్తం అమ్మోనియాలో ఒక శాతంకంటే తక్కువే విషరూపంలో ఉంటుంది. అదే పీహెచ్ 8 అయితే ఏడు శాతం దాటుతుంది. మన బోరు నీళ్ల పీహెచ్ 8కి అటూ ఇటూ ఉండటం మామూలే కాబట్టి తొందర పనికిరాదు.

1. మొక్కలు నాటి, నీళ్లు నింపి, ఫిల్టరు నడపండి. లైటు రోజుకు 6 గంటలు.

2. ల్యాబ్ సామాన్ల షాపులో స్వచ్ఛమైన అమ్మోనియం క్లోరైడ్ దొరుకుతుంది. ఇది నవాసారమే, కానీ బజారులో అమ్మే ముడి నవాసారంలో ఏ లోహాలు కలిసి ఉంటాయో తెలియదు, అది వద్దు. 3 గ్రాములు తీసుకుని నీళ్లు కలిపి 100 మిల్లీలీటర్ల ద్రావణం చేసుకోండి. అందులో 10 మిల్లీలీటర్లు పోస్తే 50 లీటర్ల ట్యాంకులో అమ్మోనియా సుమారు 2 పీపీఎం అవుతుంది.

3. రెండు రోజులకోసారి పరీక్షించండి. అమ్మోనియా అర పీపీఎం కంటే తగ్గాక మళ్లీ 10 మిల్లీలీటర్లు. రెండో వారం తర్వాత నైట్రైట్ పెరిగి ఎర్రటి రంగు చూపిస్తుంది. అది దిగడానికే ఎక్కువ రోజులు పడుతుంది.

4. 10 మిల్లీలీటర్లు పోసిన 24 గంటలకు అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపితే పని అయినట్టే. సగం నీళ్లు మార్చండి.

ఇక్కడితో రొయ్యలు దించేయకండి. ఇంకో రెండు మూడు వారాలు ఆగాలి. రెండు రోజులకోసారి చిటికెడు చేప మేత వేస్తూ ఉంటే బాక్టీరియా ఆకలితో చావదు, ఆకుల మీద, దుంగ మీద సన్నని జిగురుపొర పడుతుంది. పిల్ల రొయ్యకు మొదటి నెల తిండి ఆ పొరే. మీరు వేసే మేత దాకా అది నడిచి రాలేదు. కిట్టు బాగుందని చూపించినా పిల్లలు నిలవని ట్యాంకుల్లో లోపం తరచూ ఇదే. ఈలోగా గాజు మీద గోధుమరంగు పొడిలా నాచు వస్తుంది. తుడవొచ్చు, వదిలేయొచ్చు, నెలకు దానంతటదే పోతుంది.

రొయ్యలు దింపడం

15 నుంచి 20 తీసుకోండి. ఐదారు కొంటే అన్నీ ఒకే లింగం అయ్యే ప్రమాదం ఉంది. పెద్ద ముదురు ఎర్రటివాటికంటే అర అంగుళం చిన్నవి మంచివి, కొత్త నీటికి త్వరగా అలవాటు పడతాయి. ఒకే ట్యాంకులో ఎరుపు, పసుపు, నీలం కలపకండి. అన్నీ ఒకే జాతి, మూడు తరాలకు మట్టిరంగు పిల్లలు మిగులుతాయి. ఎండాకాలంలో సాయంత్రమే కొని తెచ్చుకోండి.

సంచి విప్పి నీళ్లతో సహా చిన్న డబ్బాలో పోయండి. ట్యాంకు నుంచి ఎయిర్ ట్యూబుతో నీళ్లు లాగి, ట్యూబుకు ముడి వేసి, సెకనుకు రెండు చుక్కలు పడేలా బిగించండి. డబ్బాలో నీళ్లు మూడు రెట్లు అయ్యేదాకా, సుమారు గంటన్నర నుంచి రెండు గంటలు, ఓపిక పట్టండి. అప్పుడు వలతో తీసి ట్యాంకులో వదలండి. షాపు నీళ్లు ట్యాంకులో పోయొద్దు. ఆ పూట లైటు వేయకండి, మేతా వేయకండి. మొదటి రెండు రోజులు ఒకటో రెండో పోవడం ప్రయాణపు దెబ్బ. వారం తర్వాత కూడా పోతూ ఉంటే నీటిలో తేడా ఉంది.

మేత విషయంలో చెయ్యి బిగించండి. ఇరవై రొయ్యలకు మిరియపు గింజంత రొయ్య మేత వారానికి రెండుసార్లు, రెండు గంటల్లో తినకపోతే తీసేయాలి. మన వీధుల్లో రాలే నాటు బాదం ఆకు వీటికి గొప్ప ఆహారం. చెట్టు మీది పచ్చిది కాదు, రాలి ఎండి గోధుమరంగుకు తిరిగింది. దుమ్ము కడిగి, వేణ్నీళ్లలో ముంచి తీసి, 50 లీటర్లకు ఒక ఆకు వేయండి. నీళ్లు తేనీటి రంగుకు కాస్త మారతాయి, నష్టం లేదు. ఈనెలు మిగిలేదాకా మేస్తాయి. మందు కొట్టని మునగాకు ఎండబెట్టినదీ రెండు మూడు రెమ్మలు వేయొచ్చు.

ఆడ రొయ్య మెడ వెనక పసుపుపచ్చని జీను లాంటి మచ్చ కనిపిస్తే గుడ్లు సిద్ధమవుతున్నట్టు. అది పెంకు విడిచిన రోజు మగవి ట్యాంకంతా పిచ్చిపట్టినట్టు ఈదుతాయి. తర్వాత గుడ్లు తోక కింద చేరి, మూడు నుంచి నాలుగు వారాలకు పిల్లలవుతాయి. విడిచిన తెల్లటి పెంకును చూసి చనిపోయిందనుకోకండి. దాన్ని తీయొద్దు, కాల్షియం కోసం అవే తింటాయి.

చేపలు ఎప్పుడు, ఏవి

రొయ్యలు దించిన రెండు నెలలకు, మొదటి పిల్లలు అర అంగుళం దాటాక చేపలు. ఈ వరస మార్చకండి. చేపలు ముందే ఉంటే పిల్ల రొయ్య ఒక్కటీ మిగలదు, ఎందుకంటే నోట్లో పట్టే ఏ చేపైనా దాన్ని తింటుంది. మా ఎంపిక పది ఎంబర్ టెట్రాలు. ముప్పావు అంగుళం చేప, నోరు చిన్నది, 28 డిగ్రీల వేడి దానికి ఇబ్బంది కాదు, ఆకుపచ్చ మొక్కల మధ్య నిప్పురవ్వల్లా తిరుగుతాయి. అడుగున తిరిగేవి కావాలంటే ఆరు పిగ్మీ కోరీలు. ఓటోసింక్లస్ రొయ్యకు హానే చేయదు, కానీ నాచు తిని బతికేది కాబట్టి ఆర్నెల్లు దాటిన ట్యాంకులోనే నిలుస్తుంది. గప్పీలు పెట్టొచ్చు, అయితే పిల్ల రొయ్యల్లో సగం వాటి పాలు. బెట్టా, ఏంజెల్, గోల్డ్‌ఫిష్, టైగర్ బార్బ్, సిక్లిడ్‌లు పూర్తిగా వద్దు.

జావా మాస్ గుప్పెడు ఒక మూల దట్టంగా పెరగనివ్వండి. పిల్లలు దాక్కునే ఇల్లు అదే. చేపలకు రోజుకొకసారి, నిమిషంలో తినేంత మేత. వారానికి ఒక రోజు పస్తు.

వారం వారం పని, ఎరువు

వారానికి 5 నుంచి 7 లీటర్లు మార్చండి. కొత్త నీళ్ల టీడీఎస్, వేడి ట్యాంకు నీటితో కలవాలి. తేడా ఒక డిగ్రీ, 20 పీపీఎం లోపు ఉంచండి. సన్నధారగా పోయండి. ఒకేసారి సగం నీళ్లు మార్చేస్తే రొయ్య అకాలంగా పెంకు విడవబోయి, మెడ దగ్గర తెల్లటి ఉంగరంలా చీలి, బయటికి రాలేక చనిపోతుంది. స్పాంజిని మూడు నాలుగు వారాలకోసారి, ట్యాంకులోంచి తీసిన నీళ్లలోనే పిండండి. కుళాయి కింద కడిగితే ఆరు వారాల శ్రమ కొట్టుకుపోతుంది. జంటలో ఒక్కో స్పాంజిని ఒక్కోసారి.

ద్రవ ఎరువు కోసం అక్వేరియం సీసాలే కొననక్కర్లేదు. ఎరువుల దుకాణంలో 13-0-45 అంటే పొటాషియం నైట్రేట్, 0-52-34 అంటే మోనో పొటాషియం ఫాస్ఫేట్. మొదటిది 20 గ్రాములు, రెండోది 2 గ్రాములు తూచి, నీళ్లతో కలిపి అర లీటరు చేయండి. అందులో వారానికి 10 మిల్లీలీటర్లు 50 లీటర్ల ట్యాంకుకు పోస్తే నైట్రేట్ 5, ఫాస్ఫేట్ అర పీపీఎం పెరుగుతాయి. కిట్టులో నైట్రేట్ ఇప్పటికే 20 చూపుతుంటే పోయకండి. యూరియా, డీఏపీ, 19-19-19 జోలికి పోవద్దు; వాటి నత్రజని అమ్మోనియాగా మారి అన్నిటినీ చంపుతుంది. పొలాలకు కొట్టే సూక్ష్మపోషకాల మిశ్రమంలో రాగి పాలు ఎక్కువ ఉంటుంది, ఇనుము కావాలంటే అక్వేరియం సీసానే వాడండి.

పాత ఆకులకు సూదితో గుచ్చినట్టు చిల్లులు పడితే పొటాషియం తక్కువ. పాత ఆకులు పసుపెక్కితే నత్రజని. కొత్త ఆకులు పాలిపోయి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుము. నాచు ఎక్కువైతే మందు వెతకకుండా లైటును గంట తగ్గించి, మేత సగం చేయండి. నీలిపచ్చ జిగురు దుప్పటిలా పరచుకుని వాసన వస్తే అది నాచు కాదు, బాక్టీరియా. గొట్టంతో పీల్చి తీసి, మూడు రోజులు ట్యాంకుకు నల్లగుడ్డ కప్పి, ఎయిర్ పంపు నడుస్తూ ఉంచండి.

ఎండాకాలం, కరెంటు కోత

చెర్రీ రొయ్యకు 22 నుంచి 28 డిగ్రీలు హాయి. 30 దాటితే గుడ్లు వదిలేయడం మొదలవుతుంది, 32 దాటి నాలుగైదు రోజులు నిలిస్తే చావులు. 20 డిగ్రీల నీళ్లలో లీటరుకు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పడితే 30 డిగ్రీల్లో ఏడున్నరే పడుతుంది. కాబట్టి వేసవిలో గాలి బుడగలు రాత్రింబవళ్లు ఆగకూడదు. మొక్కలు కూడా రాత్రి ఆక్సిజన్ పీల్చుకునేవే.

చల్లబరచడానికి తేలిక దారి చిన్న ఫ్యాను. మూత తీసి, నెట్ వేసి, నీటి మీదికి ఏటవాలుగా గాలి కొట్టేలా బిగిస్తే రెండు నుంచి నాలుగు డిగ్రీలు దిగుతుంది. హైదరాబాదు, కర్నూలు పొడి ఎండల్లో ఇది చక్కగా పనిచేస్తుంది. విశాఖ, కాకినాడ ఉక్కపోతలో నీరు ఆవిరవదు కాబట్టి ఒక డిగ్రీ దిగడమే కష్టం. అక్కడ ట్యాంకును ఇంట్లో అన్నిటికంటే చల్లని గదికి, వీలైతే కింది అంతస్తుకు మార్చుకోవాలి. ఐసు సీసా మీద ఆశ పెట్టుకోకండి. గడ్డకట్టిన అర లీటరు సీసా 50 లీటర్ల నీటిని ఒక్క డిగ్రీ చల్లబరుస్తుంది, అంతే. ఆపద వేళ ఒకటి వేయొచ్చు, రెండు మూడు ఒకేసారి వేసి కుదుపు ఇవ్వొద్దు.

ఫ్యాను పెడితే రోజుకు లీటరు పైగా నీరు ఆవిరవుతుంది. ఆవిరయ్యేది నీరే, లవణాలు ట్యాంకులోనే ఉంటాయి. వారానికి 10 లీటర్లు తగ్గి, ఆ లోటును 800 టీడీఎస్ బోరు నీటితో పూడిస్తే వారానికి 160 పీపీఎం పెరుగుతుంది. జూన్ వచ్చేసరికి ట్యాంకు నీళ్లు బోరు నీళ్లను మించిపోతాయి. తగ్గిన నీటిని ఉత్త ఆర్వో నీటితోనే నింపండి. మార్చే నీటికి మిశ్రమం, పూడ్చే నీటికి ఆర్వో. గోడ మీద రాసి పెట్టుకోదగ్గ తేడా ఇది.

కరెంటు కోతకు యూఎస్‌బీ ఎయిర్ పంపు, ఒక పవర్ బ్యాంకు చాలు. అంచు ఫిల్టరు ఉన్నవాళ్లు నాలుగు గంటలకు మించి కరెంటు పోతే, తిరిగి రాగానే స్విచ్ వేయకుండా ముందు ఫిల్టరులో నిలిచిన నీళ్లు పారబోయాలి.

దోమల మందు, మైలుతుత్తం

దోమల కాయిళ్లు, ప్లగ్గు మందులు, స్ప్రేలలో ఉండే పైరెత్రాయిడ్లు పురుగులకోసం చేసినవి, రొయ్యలకు అతి కొద్ది మోతాదే ప్రాణాంతకం. పైగా ఎయిర్ పంపు గదిలోని గాలిని పీల్చి నేరుగా నీటిలోకి ఊదుతుంది. ఆ గదిలో అవి వాడకండి, దోమతెర కట్టుకోండి. ఇంట్లో బొద్దింకల మందు కొట్టించక తప్పకపోతే ట్యాంకును తడిగుడ్డతో కప్పి, పంపును కిటికీ బయటి గాలి పీల్చేలా పెట్టి, రెండు రోజులు అలాగే ఉంచండి. దోమల క్రీము రాసుకున్న చేతిని ట్యాంకులో పెట్టొద్దు.

చేపలకు తెల్లమచ్చలు వస్తే షాపులో ఇచ్చే మందు మీద రాగి, కాపర్ సల్ఫేట్ అన్న మాట ఉందేమో చూడండి. అది మైలుతుత్తమే, రొయ్యకు విషం. జబ్బు చేపను పది లీటర్ల టబ్బులోకి మార్చి అక్కడే వైద్యం చేయండి.

రొయ్యలు చస్తుంటే

ఒక్క గంటలో చాలా పోయాయంటే విషం: దోమల మందు, కొత్త మొక్క, క్లోరిన్. వెంటనే మూడో వంతు నీళ్లు మార్చి, యాక్టివేటెడ్ కార్బన్ సంచిలో వేసి ఫిల్టరు దగ్గర పెట్టండి. రోజుకొకటి చొప్పున, అదీ నీళ్లు మార్చిన మర్నాడు పోతుంటే టీడీఎస్ లేదా వేడి తేడా. ఆడవే ఎక్కువగా పోతుంటే, పెంకులు సగం విడిచి ఉంటే జీహెచ్ చూడండి. అన్నీ పైకి వచ్చి నీటిమట్టం దగ్గర వేలాడితే ఆక్సిజన్ లేదా అమ్మోనియా. పెద్దవి బాగుండి పిల్లలే కనిపించకపోతే చేపలు, లేదా మాస్ చాలకపోవడం. చచ్చినదాన్ని గులాబీరంగుకు మారగానే తీసేయండి.

అన్నీ కుదిరితే ఎనిమిది నెలలకు ఇరవై రొయ్యలు వందా, నూటయాభై అవుతాయి, మొక్కలు బకెట్టు నిండా కోతకు వస్తాయి. ఆ కోతలను చెరువులోనో కాలువలోనో వేయకండి, గుర్రపుడెక్క మన చెరువులకు పట్టింది అలాగే. ఎండబెట్టి కుండీల్లో వేయండి. మిగులు రొయ్యలను ఎవరికైనా ఇచ్చేటప్పుడు సంచిలో మూడో వంతు ట్యాంకు నీళ్లు, మిగతాది గాలి, పట్టుకుని కూర్చోవడానికి చిన్న మాస్ ముద్ద వేయండి. బయల్దేరే ముందు రోజు మేత ఆపండి. మీ ట్యాంకు టీడీఎస్, జీహెచ్ అంకెలు చీటీ మీద రాసి సంచికి కట్టండి.